వాల్వు నాదము, అంకెల నాదము

సంగీతమును గూర్చి వ్రాయబూనినవారు వీణను, వేణువును, మృదంగమును చెప్పుట ఇట్టి సంచికలకు వాడుక. మేము గిటారును గూర్చి, అందులోను గిటారు వెనుక నుండు పెట్టెను గూర్చి వ్రాయుట చూచి ఇదేమి వింత యని కొందరు చదువరులు అనుకొనవచ్చును. కాని మాలూరులో నేడు వినవచ్చు వాద్యములను లెక్కించి చూడుడు. వినాయకచవితి పందిళ్ళలో, రాజ్యోత్సవ వేదికలపై, ప్రార్థనాలయములలో, పెండ్లి విందులలోని చలనచిత్రగీతాల ఆర్కెస్ట్రాలలో గిటారు లేని చోటు అరుదు. తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో వినవచ్చు ఈ కోలారు సీమలో పిల్లవాడు ఏ భాషలో పాడినను వెనుక మ్రోగునది గిటారే. చెవులకు ఇంత చేరువయైన వాద్యమును గూర్చి ఆలోచించకుండుట సంగీతాభిమానము కాజాలదు.

ఆ వాద్యమును వాయించువారి నడుమ కొంతకాలముగా ఒక వివాదము జరుగుచున్నది. గాజు వాల్వులు గల యాంప్లిఫయరే అసలైనదనియు, దానిని అనుకరించు డిజిటలు యంత్రము, అనగా మోడలరు, ఎంత నేర్పుగా చేసినను నీడయే యనియు ఒక పక్షము. వాల్వులు కాలముచెల్లిన బరువనియు, అంకెలలో పట్టరాని నాదము లేదనియు రెండవ పక్షము. ఇరుపక్షముల వాదములను విని, వాద్యములను కూడ విని, మాకు తోచినది ఇచ్చట చెప్పుచున్నాము. మా తీర్పు రెండు పక్షములకును పూర్తిగా రుచింపదని ముందే తెలియును.

మొదట తెలియవలసినది ఒకటి కలదు. విద్యుత్ గిటారు ఒంటరిగా సగము వాద్యమే. దాని కొయ్యలో బోలు ఉండదు; ఉన్నను ఆ నాదము ఒక గది దాటదు. తీగ కదలిక అయస్కాంతముపై చుట్టిన రాగితీగలో స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తును పెంచి స్పీకరుచేత పలికించునది యాంప్లిఫయరు. వీణకు కుండ యెట్టిదో ఈ గిటారునకు ఆ పెట్టె అట్టిది. కావున ఏ పెట్టె యను ప్రశ్న అలంకారమును గూర్చినది కాదు, సగము వాద్యమును గూర్చినది.

వాల్వు చరిత్ర వినదగినది. 1906లో లీ డి ఫారెస్టు అను అమెరికా దేశస్థుడు గాలి తీసిన గాజుబుడ్డిలో మూడు లోహభాగములను అమర్చెను. వేడెక్కిన భాగమునుండి ఎలక్ట్రానులు బయలుదేరి ఎదుటి రేకును చేరును. నడుమనున్న జల్లెడవంటి తీగకు ఇచ్చు కొద్దిపాటి విద్యుత్తు ఆ ప్రవాహమును పెంచును, తగ్గించును. చిన్న సంకేతము పెద్ద ప్రవాహమును ఆడించుట ఇందలి కీలకము. రేడియో, సుదూర టెలిఫోను, మాటలాడు చలనచిత్రము అన్నియు దీని బిడ్డలే. ఇచ్చిన ధ్వనిని రూపము చెడకుండ పెంచుటయే దాని పనియని నిర్మించినవారు తలచిరి. రూపము చెడిన అది లోపము. లోపమును తగ్గించుటకై ఇంజనీరులు దశాబ్దముల తరబడి శ్రమించిరి.

గిటారు వాయించువారు ఆ లోపమునే కోరుకొనిరి. చిన్న పెట్టెను దాని శక్తికి మించి వాయించినపుడు వాల్వు ఇక పెంచలేక అలల శిఖరములను అణచును. అణచుట ఒక్కమారుగా కత్తిరించినట్లుండక క్రమముగా ఒదిగినట్లుండును. అందువలన మూలస్వరముతో పాటు సన్నగా పలుకు అనుస్వరములు కొత్తగా పుట్టి నాదము చిక్కబడును. తీగను మెల్లగా మీటిన స్వచ్ఛముగా పలికి, గట్టిగా మీటిన గరగరమనును. గట్టిగా మీటిన క్షణమున పెట్టెలోని విద్యుత్తు సరఫరా కొంచెము క్రుంగి మరల లేచును. ఆ క్రుంగి లేచుటలో స్వరము ఊపిరి తీసికొన్నట్లుండును. దీనిని ఎవరును ముందుగా ఉద్దేశింపలేదు. తప్పు నుండి పుట్టిన సొగసిది.

మనకిది కొత్తగాదు. తంబురలో తీగలు ఆనుకొను పలక కొంచెము వంపుగా నుండును. దానిపై తీగక్రింద ఒక నూలుపోగును జరిపి జరిపి సరియైన చోట నిలిపినపుడు తీగ పలకను తాకి తాకి విడుచుచు తేనెటీగల ఝంకారము వంటి నాదమిచ్చును. దీనినే జీవాళి యందురు. సర్ సి.వి. రామన్ 1921లో మన తీగవాద్యములను గూర్చి ప్రకటించిన పరిశోధనలో, మీటిన చోటును బట్టి చూడగా పుట్టరాని అనుస్వరములు సైతము ఈ వాద్యములలో పుట్టుచున్నవని చూపిరి. అచ్చమైన తీగకు ఆ పలక కలిగించు వికారమే తంబురకు ప్రాణము. పోగు తీసివేసిన తీగ శుద్ధముగా పలుకును గాని వినసొంపు తగ్గును. పాశ్చాత్యుడు వాల్వులో కనుగొన్న రుచిని మన పూర్వులు నూలుపోగులో కనుగొనిరి. ఈ పోలికను మేము గొప్పకై చెప్పుటలేదు. ముందుముందు దీనితో పని కలదు.

వాల్వు మా ప్రాంతమునకు పరాయి వస్తువు కాదనియు చెప్పవలెను. శివనసముద్రపు జలపాతమునుండి 1902లో విద్యుత్తు కోలారు బంగారు గనులకు వచ్చెను. బెంగుళూరు నగర వీధులలో దీపములు వెలిగినది దాని తరువాత, 1905లో. విద్యుత్తు ఈ జిల్లాకు బంగారము కొరకు వచ్చెనే గాని పాట కొరకు కాదు. అయినను వచ్చినది వచ్చెను. 1954లో బెంగుళూరున స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీకి పూనుకొనెను. ఆ వాల్వులు దేశమంతటను రేడియోలలో, మైకుసెట్లలో వెలిగినవి. వాటిలో ఈసీసీ 83, ఈఎల్ 84 అను రకములు గిటారు యాంప్లిఫయరులకు సరిగా సరిపోవునవి. ఆ తయారీ ఎన్నడో నిలిచిపోయినది. నేడు బీఈఎల్ అను మూడక్షరముల ముద్ర గల పాత వాల్వులను విదేశములలోని అభిమానులు వెదకి కొనుచున్నారు. మాలూరునుండి రైలెక్కిన రెండు గంటలలోపున చేరదగిన ఊరిలో పుట్టిన వస్తువు, మనవారు పాతసామానులవానికి తూచి ఇచ్చినది, అచ్చట అట్టపెట్టెలో దాచుకొనబడుచున్నది.

పల్లెలలో పౌరాణిక నాటకమాడునపుడు తెచ్చిన మైకుసెట్లు ఒకనాడు ఇట్టి వాల్వులతోనే పనిచేసెడివి. మీట నొక్కగనే పలుకక, బుడ్లు ఎఱ్ఱబారిన పిమ్మట గాని గొంతు విప్పెడివి కావు. స్పీకరు గొట్టము చెట్టుకొమ్మకు కట్టబడి పొలిమేర దాటి పద్యమును వినిపించెడిది. ఆ గొట్టములో క్రింది స్థాయి స్వరములు రావు. నడిమి స్థాయి గట్టిగా వచ్చును. హార్మోనియపు శ్రుతిపై నటుడు సాగదీసిన రాగము, వాల్వు అణచి చిక్కబరచగా, ఆ గొట్టమునుండి వచ్చిన తీరు ఈ సీమ పెద్దల చెవులలో నిలిచిన నాదము. దానిని గూర్చి ఎవరును వ్యాసము వ్రాసియుండరు. ఇంగ్లండులోని పెట్టెల నాదమును గూర్చి మాత్రము గ్రంథములు కలవు.

ఇక రెండవ పక్షమునకు వత్తము. డిజిటలు మోడలరు చేయు పని యేమి? అది గిటారు నుండి వచ్చు విద్యుత్తును సెకనుకు 48,000 మారులు, కొన్ని యంత్రములలో అంతకు మించి, కొలిచి అంకెలుగా మార్చును. ఆ అంకెలపై లెక్కలు నడపి, ఫలితమును తిరిగి ధ్వనిగా మార్చును. లెక్కకు రెండు మార్గములు. ఒకటి, అసలు యాంప్లిఫయరులోని ప్రతి వాల్వు, ప్రతి కెపాసిటరు ఎట్లు ప్రవర్తించునో సమీకరణములుగా వ్రాసి, అవి వాయించుచున్నంతసేపును సాధింపబడునట్లు చేయుట. రెండవది, అసలు పెట్టెలోనికి పరీక్షాసంకేతములను పంపి, వచ్చినదానిని రికార్డు చేసి, పోయినదానికిని వచ్చినదానికిని గల సంబంధమును కంప్యూటరునకు నేర్పుట. మొదటిది శరీరశాస్త్రము వంటిది, రెండవది ఫొటో వంటిది. ఫొటోలో ఆ ఒక్క క్షణపు ముఖమే యుండును. పెట్టె మీటలను ఏ స్థానమున నిలిపి పట్టిరో ఆ స్థానపు నాదమే నమ్మదగినది.

ఈ విద్య మెట్టుమెట్టుగా పెరిగినది. జపానులోని రోలండు సంస్థ వీజీ-8 యంత్రము 1995లో వచ్చెను. లైన్ 6 సంస్థ వారి చిక్కుడుగింజ ఆకారపు పాడ్ 1998లో వచ్చి సామాన్యుల చేతికి చేరెను. ఫ్రాక్టలు వారి యాక్స్-ఎఫెక్స్ 2006లోను, జర్మనీలోని కెంపరు వారి ప్రొఫైలింగు యంత్రము 2011లోను వచ్చిన పిమ్మట పేరుమోసిన కచేరీ బృందములు సైతము వాల్వు పెట్టెలను ఇంట నుంచి వీటితో దేశాటనము చేయసాగినవి. అటుపిమ్మట స్టీవెన్ ఆట్కిన్సన్ అను నాతడు న్యూరలు యాంప్ మోడలరు అను ప్రోగ్రామును వెల లేకుండ లోకమునకిచ్చెను. నేడు కంప్యూటరు గల ఏ విద్యార్థియైనను దానిని పొందవచ్చును.

నాదము సరిపోవునా యను ప్రశ్నకు మేము తడుముకొనక చెప్పుదుము: సరిపోవును. రికార్డులో వినునపుడు మంచి మోడలరునకును దాని మాతృకకును భేదమును వెదకుట మనస్సునకు వ్యాయామమే గాని చెవికి ప్రయోజనము లేదు. పూర్వపు యంత్రములపై వచ్చిన నిందలు ఆనాటికి న్యాయమైనవే. అంకెల లెక్కకు సహజమైన దోషమొకటి కలదు. కొలత వేగములో సగమునకు మించిన కంపనములు గల అనుస్వరములు పుట్టినచో అవి పైకి పోజాలక క్రిందికి మడిగి, రాగముతో పొత్తు లేని అపస్వరములై వినవచ్చును. జీవాళిలో పుట్టునవి మూలస్వరమునకు బంధువులు. ఇవి పిలువని చుట్టములు. లోపల కొలత వేగమును ఎన్నో రెట్లు పెంచి లెక్కించుట వలన ఈ దోషము నేడు చాలవరకు తొలగినది. ఆలస్యమను నిందయు అట్టిదే. లెక్కకు సెకనులో వేయింట రెండు మూడు వంతుల కాలము పట్టునందురు. ధ్వని గాలిలో అంతకాలమున పోవునది ఒక మీటరు. వాల్వు పెట్టెకు ఒక మీటరు ఎడముగా నిలిచి వాయించువానికి ఆ ఆలస్యము ఎప్పుడును ఉన్నదే.

అయినచో వాల్వు పక్షమువారు పట్టుపట్టుట కేవలము మూఢభక్తియా? కాదు. వారు చెప్పజాలనిది ఒకటి కలదు. స్పీకరు గాలిని కదిల్చును; ఆ గాలి గిటారు తీగను తాకును; తీగ మరల పెట్టెను పలికించును. వాయించువాడు పెట్టె ముందు ఒక అడుగు జరిగిన నాదము మారును. పెట్టె, గది, తీగ, మనిషి ఒకే వాద్యమగుదురు. 1969లో వుడ్‌స్టాకు ఉత్సవమున జిమీ హెండ్రిక్సు తన దేశపు జాతీయగీతమును వాయించినపుడు ఆయన వాయించినది గిటారును మాత్రమే కాదు, వెనుక నున్న పెట్టెలను కూడ. చెవులలో హెడ్‌ఫోనులుంచుకొని మోడలరుపై వాయించు బాలునకు ఈ వలయము తెగిపోయినది. అతడు వినునది మరియొక గదిలో, మరియొకని మైకు ముందు మ్రోగిన పెట్టె. కాని మోడలరును గట్టి స్పీకరునకు తగిలించి వేదికపై మ్రోగించినచో ఆ వలయము మరల ఏర్పడును. కనుక ఈ లోటు అంకెలది కాదు, హెడ్‌ఫోనులది. ఇంటిలో అవ్వ నిద్రించుచుండగా అర్ధరాత్రమున సాధన చేయు పిల్లవానిని హెడ్‌ఫోనులు మానుమని చెప్పుటకు మాకు నోరు రాదు.

వెలను గూర్చియు చెప్పవలెను. వాక్సు ఏసీ-30 వంటి పెట్టె ముప్పది కిలోల పైబడి బరువు తూగును, విదేశమునుండి రావలెను, అమెరికా పెట్టె యైనచో మన 230 వోల్టులను తగ్గించు ట్రాన్సుఫార్మరు వేరుగా కావలెను. వాల్వులు అరిగిపోవును. కొత్తవి తయారగు కర్మాగారములు లోకమున కొన్నియే: రష్యాలో, స్లొవాకియాలో, చైనాలో. 2022 మార్చిలో రష్యానుండి వాల్వుల ఎగుమతి నిలిచినదను వార్త రాగానే కొరతయు ధరలును పెరిగినవి. పెంకుల కర్మాగారమున పనిచేయు మాలూరు కార్మికుని కుమారుడు ఈ సంతకు పోజాలడు. వాల్వే అసలైనదనియు తక్కినవి నకళ్ళనియు తేల్చి చెప్పుట అతనిని వాకిటనే నిలుపుట. మోడలరు ఆ తలుపు తెరచినది. ఇది చిన్న మేలు కాదు.

ఇంతవరకు మోడలరు పక్షమున మాటలాడితిమి. ఇక మాకు నిజముగా కలిగిన అసంతృప్తిని చెప్పుదుము. మోడలరు చాలనందున కాదు, అతి విధేయమైనందున మాకు దానితో పేచీ.

ఒక చరిత్ర వినుడు. కాలిఫోర్నియాలోని లియో ఫెండరు బాస్‌మన్ అను యాంప్లిఫయరును చేసెను. పేరే చెప్పుచున్నట్లు అది మంద్రస్వరముల బాస్ గిటారు కొరకు ఉద్దేశింపబడినది. లండను పడమటి భాగమున హాన్వెల్‌లో జిమ్ మార్షలు అను డోళ్ళు వాయించునాతనికి ఒక దుకాణముండెను. దిగుమతి పెట్టెల వెల మోయలేని వాద్యగాండ్ర కొరకు ఆయనయు ఆయన సహచరులును 1962లో ఆ బాస్‌మన్‌కు నకలు చేయ పూనుకొనిరి. కాని అమెరికా భాగములు అచ్చట సులభముగా దొరకవు. ట్రాన్సుఫార్మరులు వేరైనవి, మొదటి వాల్వు ఎక్కువ పెంచు రకమైనది. పది అంగుళముల స్పీకరులు నాలుగు గల వెనుక తెరచిన పెట్టెకు బదులు పండ్రెండంగుళముల స్పీకరులు నాలుగు గల వెనుక మూసిన పెట్టె వచ్చినది. నకలు తప్పిపోయినది. ఆ తప్పిపోయిన నకలే మార్షలు నాదమై తరువాతి దశాబ్దముల రాక్ సంగీతమును శాసించినది. నేడు మోడలరులు అత్యంత శ్రద్ధతో అనుకరించుచున్న అసలు, తానే ఒక నకలు.

ఈ చరిత్రలోనే మా విమర్శ యంతయు ఉన్నది. పదార్థముతో చేసిన నకలు స్థలమునకును, చేతికిని, దొరకిన వస్తువునకును లొంగి దారి తప్పును. తప్పినప్పుడు కొత్తది పుట్టును. అంకెలతో చేసిన నకలు దారి తప్పదు. ఎవరో మెచ్చిన ఒక పెట్టెను, వారు మెచ్చిన స్థానమున, వారు మెచ్చిన మైకుతో పట్టి మనకందించును. మాలూరు బాలుడు యంత్రమును తెరచిన ఎదుట కనబడునది ఒక జాబితా. అందలి పేర్లు కాలిఫోర్నియావి, లండనువి. ఏ పేరును అతడు ప్రత్యక్షముగా వినలేదు. రెండు వందల నాదములలో ఒక్కొక్కదానిని రెండేసి నిమిషములు మ్రోగించి, ఏదియు తనది కాక, మరునాడు మరియొక రెండు వందలను దింపుకొనును. వాల్వు పెట్టె ఒక్కటే గలవాడు గత్యంతరము లేక దానితో సంవత్సరములు గడిపి, ఏ మీట ఎంత త్రిప్పిన తన చేతికి ఒదుగునో నేర్చుకొనెడివాడు. ఆ నేర్పు అతని బాణియయ్యెడిది. పేదరికమును మేము పొగడుట లేదు. ఎంపికల వెల్లువలో వినుట అను పని తగ్గుచున్నదని చెప్పుచున్నాము.

మన సంగీతమున బయటి వాద్యములు వచ్చినపుడు జరిగినది వేరు. వయొలినును బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యులయొద్ద నేర్చిరి. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముపై ఆనించి, తీగల శ్రుతిని మార్చి, దానిని గమకమునకు లొంగదీసిరి. ఇటీవలి నిదర్శనము ఇంకను చేరువది. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించి 2014లో కీర్తిశేషులైన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలినును పట్టిరి. ఆ వాద్యమున తీగ మీటిన వెంటనే నాదము అణగును, గమకము సాగదు. ఆయన విద్యుత్ మాండొలినును గైకొని, జంటలుగా నుండు ఎనిమిది తీగలకు బదులు ఒంటి తీగలను ఐదింటిని అమర్చుకొనిరి. యాంప్లిఫయరు సాగదీసిన నాదముపై గమకమును నిలిపిరి. ఏ దేశపు ఏ మాండొలిను నాదమునకును అది నకలు కాదు. రాగము ఏమి కోరుచున్నదని ఆయన యోచించిరి. వాద్యమును దానికి తగినట్లు మార్చిరి.

ఆ దృష్టితో మోడలరును చూచినచో అందులో చేయదగిన పని చాల కలదు. ఒక ఉదాహరణము. రెండు స్వరములను ఒకే పెట్టె గుండ పంపి నాదమును వికారపరచినపుడు వాని కంపనముల భేదమునకు సమానమైన మూడవ స్వరము పుట్టును. షడ్జమము సెకనుకు 200 కంపనములు, పంచమము 300 అయిన, పుట్టునది 100, అనగా మంద్రషడ్జమము. తంబుర లక్షణమే యిది. రాక్ వాద్యకారులు తమ గరగర నాదమున షడ్జమ పంచమములనే జతగా మీటుటకు కారణమును ఇదియే. గిటారు మెట్లపై అంతర గాంధారమును చేర్చిన, అది 250 వద్ద గాక 252 వద్ద పడును, భేదము 52, శ్రుతికి కావలసినది 50. అందుచే చెడును. పాశ్చాత్యుని స్వరసముదాయములు వికారమును భరింపలేకుండుటకు ఇది ముఖ్యమైన కారణము. ఒక్క స్వరమును వెంబడించి పోవు మన రాగాలాపనకు ఆ బాధ లేదు. ఒంటిస్వరమునుండి పుట్టునవి దాని అనుస్వరములే. పైగా గట్టిగా మీటినపుడు అణచి, అణగునపుడు లేపు వాల్వు గుణము జారుకును, కంపితమునకును తోకను నిలుపును. వాల్వు వికారము మన పద్ధతికి పుట్టుకతోనే అనుకూలమన్నమాట. కాని ఈ దృష్టితో మీటలను త్రిప్పి చూచినవారు ఎందరు? జాబితాలో ఆ పేరు గల నాదము లేదు గనుక ఎవరును వెదకుట లేదు.

ఎలక్ట్రానికు తంబుర సంగతి ఇచ్చట తలపునకు రాక మానదు. బెంగుళూరున 1979లో ప్రారంభమైన రాడెల్ సంస్థ శ్రీ జి. రాజనారాయణ్ నేతృత్వమున చేసిన పెట్టెలు నేడు సంగీతము నేర్చు ఇండ్లన్నిట కలవు. వేణుగాన విద్వాంసుడును ఇంజనీరును అయిన ఆయన చేసినది ఉపకారమే. తంబురను మోసికొని రైలెక్కిన గాయకుని కష్టము తెలిసినవారెవరును దానిని నిందింపరు. మనము గిటారువారి కన్న ముందుగనే ఈ తగవును ఎదుర్కొని, పెద్దగా తగవు లేకయే తీర్చుకొంటిమి. కాని పోగును జరుపుచు జీవాళి పలుకు చోటును చెవితో పట్టు విద్య శిష్యులకు అబ్బుట తగ్గినది. నాదము మిగిలినది, వెదకుట పోయినది. గిటారు విషయమున మేము భయపడుచున్నదియు ఇదే.

నిషేధము మాత్రము మందు కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును గమకములు పలుకదని వెలివేసి మూడు దశాబ్దముల తరువాత గాని సడలింపలేదు. ఆ కాలమంతయు మన పౌరాణిక నాటకములు హార్మోనియముతోనే పద్యములను నడిపినవి. శాసనము ఒకవైపు, రంగస్థలము ఒకవైపు. వాల్వుభక్తులు మోడలరును వెలివేయుదుమన్నను అంతియే యగును.

మరి ఏమి చేయవలెను? మోడలరు పొందిన బాలునకు మా సలహా మొదట జాబితాను మూయుమని. ఒక్క నాదమును ఎన్నుకొని ఆరు నెలలు దానిపైననే వాయింపుము. దాని మీటలన్నిటిని చెవితో ఎరుగుము. వీలైనపుడు హెడ్‌ఫోనులు తీసి స్పీకరు ముందు నిలువుము. ఇక కొంచెము పరిజ్ఞానము గలవారికి మరియొక పని కలదు. పట్టుట అను విద్య నేడు వెల లేకుండ దొరకుచున్నదంటిమి. లోకమువారు దానితో మార్షలును వేయిమారులు పట్టియున్నారు. బీఈఎల్ వాల్వులు గల మన మైకుసెట్టును పట్టినవారి నెవరిని మేము ఇంతవరకు వినలేదు. పరీక్షాసంకేతమును దాని మైకు ద్వారమునకు పంపి, తిరిగి వచ్చినది రికార్డు చేసి, కంప్యూటరునకు నేర్పినచో ఆ పెట్టె స్వరము అంకెలలోనికి వచ్చును. గొట్టపు స్పీకరు నాదమును మైకుతో వేరుగా పట్టవలెను. దానిపై గిటారుతో ఒక పద్యపు రాగమును మీటి చూచినచో ఏమి పలుకునో మాకు వినవలెనని యున్నది. అది బాగుండకపోవచ్చును గూడ. కాని అది లండనుకు నకలు మాత్రము కాదు.

ఈ పనికి జాగ్రత్త కావలెను. వాల్వు పెట్టెలో మూడు నాలుగు వందల వోల్టులు తిరుగును. మీట ఆపిన పిమ్మటను కెపాసిటరులలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును. తెలిసిన మరమ్మతుదారు లేక మూత తీయరాదు. స్పీకరునైనను, దానికి సమానమైన భారమునైనను తగిలింపక నడిపినచో ట్రాన్సుఫార్మరు కాలును. ఇన్నేండ్లు వాడని పెట్టెకు ఒక్కమారుగా పూర్తి విద్యుత్తు ఈయరాదు. మాలూరులో గాని, బంగారుపేటలో గాని, ముళబాగిలులో గాని, పూర్వము మైకుసెట్లు అద్దెకిచ్చినవారి అటకలపై అట్టి పెట్టెలు ఇంకను కొన్ని యుండవచ్చును. పాతసామానులవాడు వచ్చు లోపల ఎవరైనను వారి ఇండ్లకు పోయి అడిగిన బాగుండును.